గుడ్డమీద మనిషి ముఖం

అనంతగిరి అన్న పేరు వినగానే మన శ్రోతలలో కొందరికి అరకు దారిలోని కాఫీ తోటలు, మరికొందరికి వికారాబాదు వద్ద మూసీ నది పుట్టిన కొండలు జ్ఞాపకం రావచ్చు. మేము చెప్పబోయేది ఆ రెండు అనంతగిరులను గురించి కాదు. సూర్యాపేట జిల్లాలో, కోదాడకు సమీపాన మరొక అనంతగిరి ఉన్నది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు అది నల్లగొండ జిల్లాలోనిది. నేడు ఒక మండలానికి కేంద్రం. చరిత్ర గ్రంథాలలో దానికి పెద్ద స్థానమేమీ లేదు. అయినా ఒక సుదీర్ఘమైన చరిత్రను గురించి మమ్మల్ని ఆలోచింపజేసిన చిన్న సంఘటన ఆ ఊళ్ళోనే జరిగింది.

మాకు పెద్దమ్మ వరుస అయిన ఒకావిడకు ఎనభై ఏండ్లు నిండి, ఇంట సహస్ర చంద్ర దర్శనోత్సవం జరిపారు. హైదరాబాదు నుండి, మిర్యాలగూడ నుండి, సముద్రాల ఆవలి నుండి కూడా మనుమలు, మనుమరాండ్రు వచ్చారు. ఆనాడు అందరూ ఒకే తీరు టీ షర్టులు తొడుగుకోవాలని, వాటిమీద నాయనమ్మ యౌవనంలోని ముఖం ఉండాలని వారు ముందుగానే నిశ్చయించుకున్నారు. ఆ వయసు నాటి ఫోటో ఇంట్లో ఒక్కటే ఉన్నది. దాదాపు అరవై ఏండ్ల క్రిందట సూర్యాపేటలో తీయించినది. పోస్టుకార్డు కంటె చిన్నది. ఒక మూల పురుగు తిన్నది. చెంపమీద చెమ్మ మరక. పెద్ద మనుమడు దానిని సెల్‌ఫోనులోకి ఎక్కించి, కృత్రిమ మేధతో పనిచేసే ఒక సాధనానికి అప్పగించి, మరకలు పోగొట్టి, రంగులు వేసి, చుట్టూ బంతిపూలు పెట్టి అందంగా చేయమన్నాడు. నిమిషం లోపల బొమ్మ సిద్ధమయింది. కోదాడలో ముప్పై టీ షర్టులమీద దానిని అచ్చు వేయించారు.

ఉత్సవం నాడు పెద్దమ్మ కండ్లద్దాలు సవరించుకొని, ఒక మనుమడి ఛాతీమీది బొమ్మను చాలాసేపు చూసింది. "ఎవరి పిల్లరా ఈమె? మంచిగున్నది" అన్నది.

అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. నిజంగానే అడిగింది.

తరువాత మేము ఆ పాత ఫోటోను తెప్పించి, బొమ్మ ప్రక్కన పెట్టి చూశాము. గడ్డంమీద పచ్చబొట్టు చుక్క ఉండవలసిన చోట నున్నని చర్మం ఉన్నది. చామనఛాయ మేను పసిమి అయింది. బిగించిన పెదవులమీద చిరునవ్వు మొలిచింది. గళ్ళ రవిక జరీ రవిక అయింది. ఒక్కొక్కటి చూస్తే చిన్న మార్పే. అన్నీ కలిసి ఆ మనిషిని మాయం చేశాయి. ఆ పిల్లవాడు మోసం చేయలేదు, ప్రేమతోనే చేయించాడు. యంత్రమూ తనకు చెప్పిన పనే చేసింది. మరి పొరపాటు ఎక్కడ జరిగినట్లు? ఈ ప్రశ్నకు సమాధానం కోసం గుడ్డమీద బొమ్మ వేసే విద్య మన దేశంలో ఏ దారిన నడిచి వచ్చిందో ఒకసారి చూడవలసి ఉన్నది.

ఆ దారి అనంతగిరికి దూరంగా ఏమీ లేదు. హైదరాబాదు నుండి సూర్యాపేట, కోదాడల మీదుగా బెజవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి అక్కడ ఆగిపోదు. మచిలీబందరు చేరి సముద్రం దగ్గర ముగుస్తుంది. గోలకొండ సుల్తానుల కాలంలో ఆ రేవు పేరు దేశదేశాలలో మారుమ్రోగింది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడికి వచ్చారు. వారిని రప్పించిన సరకులలో ముఖ్యమైనది అద్దకపు గుడ్డ. దానినే మనం కలంకారీ అంటున్నాము. ఆ గుడ్డ పారశీకానికి, ఆగ్నేయాసియా దీవులకు, ఐరోపాకు వెళ్ళింది. ఐరోపాలో దానికి ఎంత గిరాకీ ఏర్పడిందంటే, తమ నేతగాండ్ర బ్రతుకుతెరువు పోతున్నదని ఫ్రాన్సు 1686లో రంగుల అద్దకపు నూలుగుడ్డలను నిషేధించింది. ఇంగ్లండు 1700లోను, మరింత కఠినంగా 1721లోను చట్టాలు చేసింది. మన బందరు గుడ్డకు జడిసి రెండు రాజ్యాలు తలుపులు మూసుకున్నాయన్నమాట.

ఆ పని ఎట్లా చేస్తారో తెలిస్తేగాని దాని ఓర్పు మనకు అర్థం కాదు. మొదట గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానవేసి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు ప్రక్కలకు ప్రాకదు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరవేసిన నీటితో నల్లని గీత గీస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూసి, చిరివేరు వంటి రంగు దినుసులతో కాచుతారు. పటిక తగిలిన చోటనే ఎరుపు నిలుస్తుంది. తక్కిన చోట ఉతుకులో పోతుంది. బందరు, పెడన ప్రాంతాలలో టేకు అచ్చులతో అద్దుతారు. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేతనే గీస్తారు. కాలక్రమాన క్షీణించిన ఆ కాళహస్తి పనిని 1950ల చివర కమలాదేవి ఛటోపాధ్యాయ ప్రోత్సాహంతో ఏర్పడిన శిక్షణ కేంద్రం నిలబెట్టింది.

ఆ కాళహస్తి తెరలమీద రామాయణ, భారత కథలు బారులు తీరి ఉంటాయి. నూర్ల కొద్ది ముఖాలు కనిపిస్తాయి. కాని వాటిలో ఒక్కటీ మన ఇరుగుపొరుగువారి ముఖం కాదు. పెద్ద కన్నులు, కొనదేరిన ముక్కు, ప్రక్కకు తిరిగిన చూపు, ఇవన్నీ సంప్రదాయం నిర్ణయించినవి. రాముడిని నీలవర్ణం వల్ల, హనుమంతుడిని వాలం వల్ల, రావణుడిని పది తలల వల్ల గుర్తిస్తాము. అది రూపమే కాని వ్యక్తి కాదు. ఇది లోపమని మేము అనడం లేదు. ఆ చిత్రకారుడు ఫలానా ఊరి ఫలానా మనిషిని గీశానని ఎన్నడూ చెప్పుకోలేదు. చూచేవారూ అట్లా భ్రమించలేదు. ఈ మాటను కొంచెం జ్ఞాపకం ఉంచుకోవలసిందిగా శ్రోతలను కోరుతున్నాము. కథ చివర దీనితో మనకు పని పడుతుంది.

గుడ్డమీద బొమ్మ నిలిపే రెండవ విద్య నేతలోనే ఉన్నది. దానికి మన పాత నల్లగొండ జిల్లా ప్రసిద్ధి. నూలును నేయకముందే, బొమ్మకు తగినట్లు లెక్క వేసి, చోటుచోట దారాలతో కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్న చోట రంగు అంటదు. అట్లా రంగు వేసిన పడుగూ పేకా మగ్గంమీద కలిసినప్పుడు బొమ్మ దానంతట అదే బయటపడుతుంది. పోచంపల్లి ఇక్కత్తు చీరలలోని సూత్రం ఇదే. చీరాలలో పుట్టి, తరువాత పుట్టపాక నేతగాండ్ర చేతిలో నిలిచిన తేలియా రుమాలు ఈ జాతిలోనిదే. నూలును ఆముదం, బూడిద నీటిలో నానవేయడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు, ఇవే దాని రంగులు. అరబ్బు దేశాలవారు దానిని తలగుడ్డగా కట్టుకునేవారు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

ఆ రుమాళ్ళలో ఒక వింత ఉన్నది. 1930ల నాటికి నేతగాండ్రు వాటిమీద సింహాలను, ఏనుగులను మాత్రమే కాక గడియారాలను, విమానాలను, గ్రామఫోనులను కూడా నేశారు. క్రొత్తగా లోకంలోకి వచ్చిన వస్తువును తమ దారపు లెక్కలోకి తెచ్చుకున్నారు. మన నేతగాడు క్రొత్తదానికి ఎన్నడూ బెదరలేదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇంచుమించు ఇటువంటి లెక్కే ఐరోపాలో మరొక దారి పట్టింది. ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన 1804 ప్రాంతంలో రంధ్రాలు పొడిచిన అట్టలతో నడిచే మగ్గం తయారు చేశాడు. రంధ్రం ఉన్న చోట పోగు లేస్తుంది. లేని చోట లేవదు. 1839లో లియాన్ నగరంలో ఆ జకార్డు ముఖచిత్రాన్నే పట్టుమీద నేశారు. అందుకు 24,000 అట్టలు పట్టాయి. ఆ పట్టుబొమ్మ ప్రతి ఒకటి ఇంగ్లండులో చార్లెస్ బాబేజి ఇంట వ్రేలాడింది. ఆయన కలగన్న గణనయంత్రానికి ఆ అట్టల పద్ధతినే ఎరువు తెచ్చుకున్నాడు. నేటి కంప్యూటరు వంశవృక్షంలో ఒక వేరు మగ్గంలో ఉన్నదనడం అతిశయోక్తి కాదు. మన సిరిసిల్ల నేతగాడు వెల్ది హరిప్రసాద్ 2022లో జీ-20 సమావేశాల చిహ్నాన్ని మగ్గంమీద నేసి దేశప్రధాని ప్రశంస పొందినప్పుడు, ఈ రెండు సంప్రదాయాలూ ఒకచోట కలిసినట్లు మాకు తోచింది.

జకార్డు ముఖం పట్టుమీదికి ఎక్కిన ఆ 1839లోనే పారిస్‌లో డాగెరు తన ఛాయాచిత్ర విద్యను లోకానికి ప్రకటించాడు. అంతవరకు బొమ్మ వేయించుకోవడం రాజులకు, జమీందార్లకే సాధ్యం. ఛాయాచిత్రం వచ్చిన తరువాత మచ్చతో, ముడతతో, పచ్చబొట్టుతో సహా ఒక్క మనిషికే చెందిన ముఖం కాగితంమీద నిలిచింది. హైదరాబాదు రాజ్యంలో ఈ విద్యకు వన్నె తెచ్చినవాడు రాజా దీనదయాళ్. ఆయన 1844లో జన్మించి 1905లో మరణించాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు. 1892లో ఆయన హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించాడు. లోపలికి పురుషుడు అడుగు పెట్టరాదు. ఒకరి ముఖం ఎవరి చేతిలో పడుతున్నదన్న విచారం ఆ రోజులలోనే ఉన్నదన్నమాట.

అయితే ఛాయాచిత్రం సర్వదా సత్యమే పలికిందని అనుకోరాదు. పాతకాలపు స్టూడియోలలో సన్నని పెన్సిలుతో నెగెటివుమీది మచ్చలను దిద్దే పనివాడు ఉండేవాడు. నలుపు తెలుపు ఫోటోలకు కుంచెతో రంగులు వేసేవారు. కోటు లేనివానికి కోటు తొడిగేవారు. గతించిన భర్త ఫోటోను, బ్రతికి ఉన్న భార్య ఫోటోను కలిపి దంపతుల పటం చేసేవారు. అటువంటి పటాలు మన ఇండ్ల గోడలమీద నేటికీ ఉన్నాయి. అది అబద్ధమా? అవునని మేము అనలేము. ఆ దిద్దుబాటు ఎక్కడ జరిగిందో ఇంటిల్లపాదికీ తెలుసు. పనివాడు చిత్తుప్రతి చూపేవాడు. "మా నాయనకు చెవులు ఇంకా పెద్దవి" అని కొడుకు చెబితే మళ్ళీ దిద్దేవాడు. కోటు కల్పితమైనా, కోటులోని మనిషి తమవాడేనని ఇంటివారు సాక్ష్యం చెప్పిన తరువాతనే పటం గోడ ఎక్కేది.

ఇక టీ షర్టు సంగతి. ఇది మొదట లోపల తొడుగుకునే బనీను. 1913 ప్రాంతంలో అమెరికా నౌకాదళం తన నావికుల దుస్తులలో దీనిని చేర్చింది. 1951 నాటి ఒక చలనచిత్రంలో మార్లన్ బ్రాండో దానిని పై దుస్తుగా తొడిగి కనిపించిన తరువాత యువకులకు అది వేడుక అయింది. దానిమీద బొమ్మ అచ్చు వేయడానికి తగిన పద్ధతి అప్పటికే సిద్ధంగా ఉన్నది. 1907లో మాంచెస్టరు వాసి శామ్యూల్ సైమన్ పేటెంటు పొందిన స్క్రీను అచ్చు అది. చట్రానికి సన్నని జాలి గుడ్డ బిగిస్తారు. బొమ్మ లేని చోట జాలిని మూసివేస్తారు. పైన రంగు పోసి రబ్బరు పట్టీతో లాగితే, తెరిచిన కన్నాల గుండా రంగు క్రిందికి దిగుతుంది. మన పట్టణాలలో పెండ్లి పత్రికలు ఎన్నో ఈ పద్ధతిలోనే అచ్చయినాయి. ఒక రంగుకు ఒక చట్రం కావాలి. కాబట్టి అచ్చుపనివాడు ముఖాన్ని ఒకటి రెండు రంగులకు కుదించుకోవలసి వచ్చేది.

ఆ కుదింపు ఏమి చేయగలదో ప్రపంచమంతా చూసింది. 1960 మార్చి 5న హవానాలో ఒక సంతాపసభలో ఆల్బెర్తో కోర్దా అనే ఛాయాగ్రాహకుడు చే గువేరా ఫోటో తీశాడు. 1968లో ఐర్లండు చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ దానిని ఎరుపు నలుపుల బొమ్మగా మార్చాడు. తరువాత ఆ ముఖం ఖండఖండాంతరాల టీ షర్టులమీదికి ఎక్కింది. తొడిగినవారిలో ఆ మనిషి జీవితం తెలిసినవారు ఎందరో, తెలియనివారు ఎందరో! గుడ్డమీదికి ఎక్కిన ముఖం మెల్లగా మనిషిని విడిచి గుర్తుగా మారిపోతుంది. ప్రసిద్ధుని విషయంలో ఇది చరిత్రలో ఒక ముచ్చట. మన ఇంటి నాయనమ్మ విషయంలో అది నష్టం. ఎందుకంటే ఆమెను జ్ఞాపకం ఉంచుకోవడానికి వేరే గ్రంథాలు లేవు. ఆ ఒక్క ఫోటోయే ఉన్నది.

ఇప్పుడు నేటి యంత్రం దగ్గరకు వద్దాము. దాని పనితీరును రేడియో శ్రోతలకు సులభంగా చెప్పవచ్చు. స్టేషను సరిగా దొరకనప్పుడు మాటల వెనుక గరగర వినిపిస్తుంది గదా? ఆ గరగర పెరిగే కొద్దీ మాట మునిగిపోతుంది. ఈ యంత్రానికి కోట్ల కొలది బొమ్మలను చూపి, ఒక్కొక్క దానిమీద అటువంటి గరగరను కొంచెం కొంచెంగా చల్లి, దానిని తొలగించడం నేర్పుతారు. 2015లో సూత్రప్రాయంగా వెలువడిన ఈ పద్ధతి 2020లో గట్టిపడింది. 2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ అనే సాధనం వెలువడడంతో సామాన్యుల చేతికి వచ్చింది. 2025 మార్చిలో ఛాట్‌జీపీటీలో బొమ్మలు చేసే క్రొత్త సదుపాయం రాగానే, తమ కుటుంబ ఫోటోలను జపాను కార్టూను బొమ్మల తీరుకు మార్చుకొనే వేడుక దేశదేశాలలో వ్యాపించింది.

మనం ఒక ఫోటో ఇచ్చి దీనిని మార్చమని అడిగినప్పుడు ఈ జాతి సాధనం ఏమి చేస్తుంది? చాలా సాధనాలలో జరిగేది ఇది. మన ఫోటోమీద కొంత గరగర చల్లి, తిరిగి తొలగిస్తుంది. తొలగించేటప్పుడు పోయిన వివరం స్థానంలో తాను నేర్చినది పెడుతుంది. గరగర కొద్దిగా చల్లితే ముఖం చాలవరకు నిలుస్తుంది. ఎక్కువగా చల్లితే క్రొత్త ముఖం పుడుతుంది. ఆ క్రొత్త ముఖం ఎవరిది? ఎవరిదీ కాదు. అది చూసిన కోట్ల ముఖాలలో తరచుగా కనిపించినది ఏదో, అది. గడ్డంమీద పచ్చబొట్టు ఉన్న తెలంగాణ పల్లె స్త్రీల ఫోటోలు దానికి ఎన్ని చూపి ఉంటారు? అందుచేత ఆ చుక్కను అది మరకల జాబితాలో వేసి తుడిచివేసింది.

ఇది ఒక్క అనంతగిరి ముచ్చట కాదు. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మసకబారిన ముఖాన్ని స్పష్టపరిచే ఒక సాధనాన్ని ప్రకటించారు. దానికి ఒబామా గారి మసక ఫోటోను ఇచ్చి చూస్తే, తెల్లజాతి మనిషి ముఖం వచ్చింది. అమెరికా దేశాధ్యక్షుడుగా పనిచేసిన వాని ముఖానికే ఆ గతి పట్టినప్పుడు, మన పెద్దమ్మ ముఖం ఎంత?

ఇప్పుడు మొదట చెప్పిన కాళహస్తి తెరను జ్ఞాపకం చేసుకుందాము. కలంకారీ చిత్రకారుడు గీసినది రూపాన్ని. ఛాయాచిత్రం మనకు తొలిసారి వ్యక్తిని ఇచ్చింది. నేటి యంత్రం ఆ వ్యక్తిని తీసుకొని మళ్ళీ రూపాన్ని తిరిగి ఇస్తున్నది. చక్రం ఒక చుట్టు తిరిగింది. భేదం ఒక్కటే. రాముని గీసినవాడు రాముడని చెప్పాడు. యంత్రం ఎవరిదీ కాని ముఖాన్ని గీస్తే, మనం దానిక్రింద నాయనమ్మ పేరు వ్రాసుకున్నాము. పొరపాటు జరిగిన చోటు ఇదే.

అట్లాగని యంత్రాన్ని నిందించి కూర్చుంటే మనకు న్యాయం కాదు. ఈ పాత నల్లగొండ జిల్లాలోనే ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం అనే నేతగాని కథ మనకు ఉన్నది. ఇక్కత్తు చీరకు నూలు సిద్ధం చేసే ఆసు పనిలో, ఒక్కొక్క చీరకు తొమ్మిది వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించవలసి ఉండేది. తల్లి భుజం నొప్పిని చూడలేక ఆయన ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ పొందాడు. ఆ యంత్రం తల్లి భుజంమీది బరువును దించింది. చీరమీద ఏ పువ్వు ఉండాలో, ఏ రంగు ఎక్కడ నిలవాలో చెప్పే అధికారాన్ని మాత్రం తీసుకోలేదు. మంచి పనిముట్టుకు మా లెక్కలో ఇదే కొలబద్ద. నొప్పిని అది తీసుకోవాలి. తీర్పు మన దగ్గర ఉండాలి.

ఈ కొలబద్దను టీ షర్టు బొమ్మకు పట్టి చూద్దాము. ఫోటో వెనుకనున్న గోడను, తెరను వేరు చేయడం ఒకప్పుడు గంటల పని. యంత్రం దానిని క్షణంలో చేస్తుంది; చేయనిద్దాము. చుట్టూ బంతిపూల దండ, ముత్యాల ముగ్గు, ఊరి గుడి గోపురం గీయమంటే గీస్తుంది, గీయనిద్దాము. ముఖం దగ్గరకు వచ్చేసరికి మాత్రం దాని చేయి ఆపాలి. మార్పు ఎంత ఉండాలో చెప్పే మీట ఉంటే తక్కువలో పెట్టాలి. బొమ్మ రాగానే పాత ఫోటో ప్రక్కన పెట్టి కండ్లు, ముక్కు, పచ్చబొట్టు, చెవులు, ఒక్కొక్కటి పోల్చి చూడాలి. అన్నిటికంటె ముఖ్యం, ఆ మనిషిని ఎరిగిన పెద్దవారికి చూపాలి. పాత స్టూడియో పనివాడు చేసిన పని ఇదే గదా!

అచ్చు విషయంలోనూ కొన్ని మెలకువలు ఉన్నాయి. పన్నెండు అంగుళాల వెడల్పు బొమ్మకు అంగుళానికి మూడు వందల చుక్కల చొప్పున 3,600 చుక్కలు కావాలి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన ఫోటోలో వివరం నలిగిపోయి ఉంటుంది; మూలప్రతినే తీసుకొని వెళ్ళాలి. కాగితంమీద అచ్చు వేసి వేడితో ఆవిరిగా మార్చి గుడ్డకు ఎక్కించే సబ్లిమేషన్ పద్ధతి పాలియెస్టరు గుడ్డకు, అందులోనూ లేత రంగులకు మాత్రమే కుదురుతుంది. నూలు టీ షర్టుకు నేరుగా యంత్రంతో అచ్చు వేయడమో, ఫిల్ముమీద వేసి వేడి ప్రెస్సుతో అతికించడమో చేస్తారు. గుడ్డ ఏదో ముందుగా చెప్పకపోతే, ఎంత మంచి బొమ్మ అయినా వెలవెలబోతుంది.

మరొక మాట. ఎవరి ముఖమో వారి అనుమతి లేనిదే గుడ్డకు ఎక్కించరాదు. దీనదయాళ్ స్టూడియోలో ఘోషా స్త్రీకి లభించిన మర్యాద నేటి మన ఆడపిల్లకు, చంటిబిడ్డకు కూడా లభించవలసి ఉన్నది. ఒక సాధనానికి ఫోటో ఇచ్చినప్పుడు అది మన ఇంటి గోడ దాటి వెళ్ళిపోతున్నదని మరువరాదు. ప్రసిద్ధులు ఇప్పటికే న్యాయస్థానాలను ఆశ్రయిస్తున్నారు. 2023 సెప్టెంబరులో నటుడు అనిల్ కపూర్ విషయంలోను, 2025 సెప్టెంబరులో మన నటుడు అక్కినేని నాగార్జున విషయంలోను ఢిల్లీ హైకోర్టు వారి పేరును, రూపాన్ని అనుమతి లేకుండా వాడుకోవడాన్ని అడ్డుకొన్నది. సామాన్యునికి అంతటి న్యాయవాదులు ఉండరు. ఇంటివారి వివేకమే అతనికి రక్ష.

రేడియోలో పనిచేసే మాకు ఒక అలవాటు ఉన్నది. ప్రసంగంలోని తడబాట్లను కత్తిరిస్తాము, దగ్గులను తొలగిస్తాము. మూల ధ్వనిముద్రణను మాత్రం భద్రపరుస్తాము. సవరించినది నాటి ప్రసారానికి, మూలం రేపటి చరిత్రకు. ఫోటో విషయంలోనూ శ్రోతలకు మేము ఇదే చెబుతాము. పాత ఫోటోను మెత్తగా తుడిచి, మంచి వెలుతురులో ప్రతి తీసి, మూలాన్ని చెమ్మ తగలని చోట దాచండి. వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, ఏడు వ్రాయండి. ఆ తరువాత టీ షర్టుమీద ఎన్ని వేడుకలైనా చేసుకోవచ్చు.

అనంతగిరిలో ఆ పిల్లలు నెల తరువాత మళ్ళీ బొమ్మ చేయించారు. బంతిపూలు యంత్రం చేసినవే. వెనుక తెరను తీసివేసినదీ యంత్రమే. ముఖాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్లు నలుపు తెలుపులలో ఉంచి, చెంపమీది మరకను మనుమరాలు తన చేతితో చుక్క చుక్కగా తుడిచింది. పురుగు తిన్న మూలను అట్లాగే వదిలివేశారు. అచ్చు వేయకముందే సెల్‌ఫోనులో నాయనమ్మకు చూపారు.

పెద్దమ్మ ఈసారి ఎవరని అడగలేదు. తెరమీద వ్రేలు పెట్టి, "ఈ గళ్ళ రవిక మా అమ్మ కుట్టిందిరా" అన్నది. ఆ రవిక కథ చెప్పడానికి ఆమెకు ఒక పూట పట్టింది. పిల్లలంతా చుట్టూ కూర్చుండి విన్నారు.